చైర్మన్ గారు నవల చదువుతున్నారు

మూడు జిల్లాల్లో ఇక అజ్ఞానం ఉండబోదని మంత్రిగారు జనగామలో ప్రకటించారు. ఆ మాట అనడానికి ముందు మైకు రెండుసార్లు కుయ్యిమంది, మూడోసారి ఒప్పుకుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ప్రతి పౌరుడి అరచేతిలో ఒక గ్రంథాలయం పెట్టడానికి ప్రభుత్వం కంకణం కట్టుకుందని, అందుకోసమే 'త్రిజిల్లా డిజిటల్ పఠనాభివృద్ధి మండలి' ఏర్పడిందని, దానికి తొలి చైర్మన్‌గా తరిగొప్పుల ముద్దుబిడ్డ శ్రీపాల్ రెడ్డి గారిని నియమించామని చెప్పారు. షామియానా కింద చప్పట్లు మోగాయి. షామియానా బయట భోజనాలు మొదలయ్యాయి కాబట్టి ఆ చప్పట్లు ఎక్కువసేపు నిలవలేదు.

శ్రీపాల్ రెడ్డి గారు ఈ పదవికి అన్ని విధాలా తగినవారు. ఇరవై ఏళ్లుగా పార్టీ జెండా మోశారు. రెండుసార్లు ఎమ్మెల్యే టికెట్ అడిగారు, రెండుసార్లూ అలిగారు, రెండుసార్లూ పెద్దలు వచ్చి బుజ్జగిస్తే అలక మానారు. ఈసారి ఆయన అడిగింది మార్కెట్ కమిటీ. అది ఎమ్మెల్యే హన్మంత్‌రావు బావమరిది అజయ్‌కి పోయింది. పంచగా పంచగా చివరికి పుస్తకాలు మిగిలాయి.

"పుస్తకాలతోటి నాకేం పని సార్?" అని ఆయన మంత్రిగారిని నేరుగానే అడిగారు.

"పని లేదనే గద నీకిచ్చింది" అని మంత్రిగారు ఆప్యాయంగా భుజం తట్టారు.

చైర్మన్‌గా ఆయన చేసిన మొదటి సంతకం చరిత్రాత్మకమైనది. అరచేతిలోకి గ్రంథాలయం వస్తున్నప్పుడు ఊళ్లలో కాగితం పుస్తకాలు ఎందుకని, రీడింగ్ రూముల్లో ఉన్నవన్నీ గోనె సంచుల్లో కట్టించి స్కానింగ్ కోసం పంపించమని ఆదేశించారు. సంచులు లారీ ఎక్కాయి. లారీ ఎక్కడికి పోయిందన్నది లారీవాడి సొంత విషయం.

ఆ రోజు వేదిక మీదికి ఈ-రీడర్‌ను స్టీలు పళ్లెంలో తెచ్చారు. బంగారు రంగు కాగితం చుట్టి, ఎర్ర రిబ్బను కట్టారు. మన దగ్గర ఏ పుస్తకం పుట్టినా ఇట్లాగే పుడుతుంది. పెద్దలు రిబ్బను విప్పాలి, కాగితం చింపాలి, తలా ఒక ప్రతి తీసుకుని అట్ట కెమెరావైపు తిప్పి గుండెలకు ఆనించుకోవాలి. ఆ తర్వాత "ఇప్పుడే చేతికొచ్చింది, ఇంకా చదవలేదు గానీ గొప్ప పుస్తకం" అని మాట్లాడాలి. కానీ ఈ గ్రంథాలయానికి అట్ట లేదు. పైగా వచ్చింది ఒక్కటే. వేదిక మీద పదిమంది పెద్దమనుషులు ఒక్క పలకను తలా ఒక వేలితో పట్టుకుని నిలబడ్డారు.

"సార్, అంత బూడిద రంగు కొడుతాంది. పేపర్ల ఏం కనవడది" అన్నాడు ఫొటోగ్రాఫర్.

మండలి కార్యదర్శి శోభారాణి గారు ముందుచూపు గల అధికారి. ఫ్లెక్సీలవాడితో ముందే చేయించి పెట్టుకున్న మంత్రిగారి ఫొటో స్టిక్కరును తీసి తెర మీద అంటించారు. మర్నాడు పేపర్లో మంత్రిగారు చిరునవ్వుతో మంత్రిగారినే ఆవిష్కరిస్తూ కనిపించారు.

"మూడు జిల్లాలకు ఒక్కటేనా సార్?" అని ఎవరో కుర్ర విలేకరి లేచాడు.

"ఒక్కటని ఎవలన్నరు? ఇందుల వెయ్యి పుస్తకాలున్నయి" అన్నారు మంత్రిగారు. శోభారాణి గారు వెంటనే లెక్క వివరించారు. జిల్లాకు మూడు వందల ముప్పై మూడు. మిగిలిన ఒక్క పుస్తకం చైర్మన్ గారి విచక్షణ కోటా. అన్యాయం ఎక్కడా జరగలేదు కాబట్టి విలేకరి కూర్చున్నాడు.

ఆ విధంగా గ్రంథాలయం శ్రీపాల్ రెడ్డి గారి వెంట జనగామలోని ఆయన ఇంటికి వచ్చింది. అన్నం తిని మంచం మీద వాలాక ఆయన ముందుగా మంత్రిగారి ముఖాన్ని గోటితో గీకి తీశారు. బంక మాత్రం అక్కడక్కడ మిగిలింది. తర్వాత పలకను ఆర్పబోయారు. ప్రభుత్వ ఆస్తి ఊరికే వెలగడం ఆయనకు నచ్చదు. ఆర్పే మీట ఎక్కడుందో తెలియక అటు నొక్కి, ఇటు నొక్కి, మధ్యలో వేలు పెట్టేసరికి తెర మీద ఒక నవల తెరుచుకుంది. పేరు 'పన్నెండో గది తాళం'. మొదటి వాక్యంలోనే జమీందారు గారు గదిలో లోపల గడియ పెట్టుకుని ఉన్నారు. రెండో వాక్యంలో ఆయన వీపులో కత్తి ఉంది.

"గదెట్ల?" అన్నారు శ్రీపాల్ రెడ్డి గారు పైకే.

పదో తరగతి తర్వాత ఒక పుస్తకాన్ని ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. సమాధానం కోసం పేజీ తిప్పారు. రెండో పేజీలో వంటమనిషి అబద్ధం చెప్పాడు. మూడో పేజీలో బావమరిది గుర్రపు బండి దిగాడు. సాయంత్రం చాయ్ చల్లారిపోయింది. మర్నాడు పొద్దున పార్టీ ఆఫీసులో జిల్లా సమీక్ష ఉండిందన్న సంగతి ఆయనకు ఆ మధ్యాహ్నానికి గానీ గుర్తురాలేదు. అప్పటికి జమీందారు రెండో భార్య మీద అనుమానం బలపడుతోంది కాబట్టి సమీక్ష ఎవరో ఒకరు చేసే ఉంటారులే అనుకున్నారు.

నిజం చెప్పాలంటే ఆయనకు చాలా హాయిగా ఉంది. హన్మకొండ కంటి డాక్టరు అద్దాలు రాసి రెండేళ్లయింది. ఫ్లెక్సీలో ముసలివాడిలా కనబడతానని ఆయన వాటిని పెట్టుకోరు. ఇందులో రెండు వేళ్లు దూరం జరిపితే చాలు, అక్షరం గోడ మీది ఎన్నికల రాతంత అవుతుంది. పక్కకు తిరిగి పడుకుని ఒక చేత్తో చదవచ్చు, రెండో చేత్తో పల్లికాయ ఒలుచుకోవచ్చు. కరెంటు పోతే అదే వెలుగుతుంది. ఫోన్ లాగా నిమిషానికోసారి ఎవరో చచ్చారని, ఎవరో పుట్టారని మోగదు. అన్నిటికీ మించి, లోపల ఏముందో అట్ట చూసి కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. జిల్లా స్థాయి నాయకుడు గుర్రపు బండి దిగిన బావమరిది గురించి చదువుతున్నాడని ఎవరికి తెలుస్తుంది?

ఇబ్బందులూ లేకపోలేదు. నవల పట్టిన ప్రతివాడూ చివరి పేజీని ఒకసారి దొంగచాటుగా చూసుకుంటాడు. ఆయనా చూడబోయారు. ఎక్కడో వేలు తగిలి పట్టుపురుగుల పెంపకంలో తేలారు. వెయ్యి పుస్తకాల్లోంచి జమీందారు శవాన్ని వెతికి తేవడానికి శోభారాణి గారికి ఒక పూట పట్టింది. అప్పటినుంచి ఆయన పేజీ తిప్పడం తప్ప ఇంకెక్కడా వేలు పెట్టనని ఒట్టు పెట్టుకున్నారు.

ఆయన భార్య విజయలక్ష్మి గారి ఇబ్బంది వేరు.

"మామూలు పుస్తకమైతే ఎంత మందం మిగిలిందో చూసి నువ్వెప్పుడు లేస్తవో అందాజ చేయొచ్చు. గీ పలక మొదలువెట్టిననాడెంతుందో గంతే ఉండె. అన్నం పెట్టాల్నా, వద్దా?"

"గిటు కింద చూడు. ఎంత చదివిననో శాతం వస్తది. గిప్పుడు ముప్పై అయింది."

"నూరయ్యేదాక నేను చూస్తనా, నువ్వు చూస్తవా?"

ఆయన పేజీ తిప్పారు. పన్నెండో గదికి రెండో తాళంచెవి ఉందని జమీందారు లెక్కలు రాసే మునీము అప్పుడే ఒప్పుకున్నాడు.

భూపాలపల్లిలో కార్యకర్తల సమావేశం జరిగింది. ఎమ్మెల్యే హన్మంత్‌రావు మాట్లాడటానికి లేచారు. ఆయన మాట్లాడితే కూర్చున్నవాళ్లు నిద్రపోతారు, నిలబడ్డవాళ్లు ఇంటికి పోతారు. వేదిక మీద కూర్చున్న శ్రీపాల్ రెడ్డి గారికి రెండూ కుదరవు. ఆయన ఒళ్లో పలక పెట్టుకుని, నుదుటి మీద మూడు గీతలు తెచ్చుకుని, తల వంచి చదువుకున్నారు. కాగితం నవలైతే సభకు అవమానం. పలక కాబట్టి సభకు గౌరవం. దూరంనుంచి చూసినవాళ్లకు ఆయన ప్రజాసమస్యలతో కుస్తీ పడుతున్నట్టే ఉంది.

ఆయన వెనకాల నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డవాడు ఐలేశ్. కారు నడపడం, కండువా అందించడం, జిందాబాద్ అనడం మొదలైన శాఖలన్నీ అతని దగ్గరే ఉన్నాయి. భుజం మీదినుంచి చూస్తే అతనికి తెర అడుగున నలభై ఒక్క శాతం కనబడింది. ఎన్నికలకు నాలుగు నెలలున్నాయి. అటువంటి రోజుల్లో రాజకీయాల్లో ఉన్నవాడికి శాతం కనబడితే అది దేనికి సంబంధించిందని ఎవరూ అడగరు.

"అన్నా, నలభై ఒకటా?" అన్నాడు చెవిలో.

"ఆ. పొద్దున ముప్పై ఎనిమిదుండె."

"ఒక్క మీటింగ్‌కే మూడు పెరిగిందా!"

"మీటింగ్ ఎంతసేపైతే అంత పెరుగుతది" అన్నారు శ్రీపాల్ రెడ్డి గారు తల ఎత్తకుండా.

సభ ముగిసేలోపు ఈ సమాచారం ఎమ్మెల్యేకు చేరింది. శ్రీపాల్ రెడ్డి దగ్గర సర్వే మిషనుంది. పైనుంచి నేరుగా వస్తోంది. సార్ ప్రసంగిస్తే గంటకు మూడు శాతం పెరుగుతోంది. అప్పటిదాకా ఆయన్ని "ఏయ్ శ్రీపాల్" అని పిలిచే హన్మంత్‌రావు మర్నాడు పొద్దున ఫోన్ చేసి "శ్రీపాలన్నా" అన్నారు.

"నలభై ఏడంటగదన్నా?"

"అవు. నీకెట్ల తెలుసు?"

"మనోళ్లు చెప్పిండ్రులే. ఇంకా పెరుగుతదా?"

"పెరుగక ఏమైతది? రోజింత పోతాంది. కాళ్లకు అడ్డం వడకుంటే గీ వారంల అరవై దాటిస్త."

"నీ రుణం ఏం చేసినా తీరదన్నా" అన్నారు ఎమ్మెల్యే. ఆయన ఫోన్‌లోనే నిజంగా ఏడ్చేశారు. తాను నవల చదివితే ఎమ్మెల్యే ఎందుకు ఏడుస్తున్నాడో శ్రీపాల్ రెడ్డి గారికి అర్థం కాలేదు. చదువంటే ఎంత గౌరవమో పాపం అనుకున్నారు.

ఆ రోజు నుంచి హన్మంత్‌రావు పూటకో సభ పెట్టారు. పెద్దవంగరలో పొద్దున, ఇంకో మండలంలో మధ్యాహ్నం. ప్రతి సభలో శ్రీపాల్ రెడ్డి గారికి తన పక్కనే మెత్తటి కుర్చీ, మీద ఫ్యాను. మంచి మాట ఒకటి చెప్పగానే ఎమ్మెల్యే ఓరగా పలక వైపు చూసేవారు. యాభై రెండు. యాభై ఆరు. అరవై ఒకటి. తన ప్రసంగాలకు ఇంత శక్తి ఉందని ఆయనకు ఇన్నేళ్లూ తెలియదు. సంబరంలో ఇంకో గంట సాగదీసేవారు. శ్రీపాల్ రెడ్డి గారికి జీవితంలో ఇంత నిశ్చింతగా చదువుకునే చోటు ఇంకెక్కడా దొరకలేదు. నవలలోని డాక్టరు సంచిలో కత్తి లేదని తేలిన రోజు ఆయన వేదిక మీదే "శభాష్!" అన్నారు. సరిగ్గా అప్పుడే హన్మంత్‌రావు సాగునీటి గురించి ఏదో అన్నారు. జనమంతా చప్పట్లు కొట్టారు.

గూడూరులో కథ అడ్డం తిరిగింది.

మహబూబాబాద్ జిల్లా వాటాకు వచ్చిన పుస్తకాలను ప్రజలకు చూపించాలని శోభారాణి గారు గూడూరులో కార్యక్రమం పెట్టారు. తాళం వేసిన రీడింగ్ రూము ముందే కుర్చీలు వేశారు. ఊరి పెద్దాయన రాజయ్య చేతికి పలక ఇచ్చి ఫొటో తీయాలి, అంతే. ఈ రాజయ్య ఒకప్పుడు ఆ రూములో రోజూ కూర్చునేవాడు. కంటికి ఆపరేషనయ్యాక చిన్న అక్షరాలు కనబడక మానేశాడు. శోభారాణి గారు ఆయన వేళ్లు పట్టుకుని అక్షరం పెద్దది చేసి చూపించారు.

"ఓరి నీ! అక్షరం నా దగ్గరికి నడిచొస్తాంది!" అన్నాడు రాజయ్య.

ఫొటో అయిపోయింది. రాజయ్య మాత్రం పలక వదల్లేదు.

"నడుమల నుంచి చదువుడేందయ్యా? ముందల ఏమైందో తెల్వొద్దా?" అంటూ పేజీలు వెనక్కి లాగడం మొదలుపెట్టాడు. వరి మళ్లలో గడ్డి పీకిన వేగంతో లాగాడు. శ్రీపాల్ రెడ్డి గారి ప్రాణం విలవిల్లాడింది. మొదటికి వచ్చాక రాజయ్య గొంతు సవరించుకుని, జమీందారు వీపులో కత్తి దగ్గర్నుంచి పైకి చదవసాగాడు. ఆయన గొంతు బాగుంది. వెళ్లిపోతున్న ఆడవాళ్లు ఆగారు. కూలి నుంచి వస్తున్న ఉప్పలమ్మ గంప దించి కూర్చుంది. వంటమనిషి అబద్ధం చెప్పగానే "వీని నోట్ల మన్నువడ" అంది. అంతా నవ్వారు. ఇంకా చదవమన్నారు. మండలి పుట్టిన దగ్గర్నుంచి మూడు జిల్లాల్లో నిజంగా జరిగిన పఠనాభివృద్ధి ఇదొక్కటే.

శ్రీపాల్ రెడ్డి గారు కాసేపు ఓపిక పట్టారు. తర్వాత లేచి, "సర్కారు ఆస్తి పెద్దయ్యా" అని పలక లాక్కున్నారు.

"మల్ల ఎన్నడొస్తవ్ బిడ్డా? ఎవలు చంపిండ్రో తెల్వకపాయె" అన్నాడు రాజయ్య.

"షెడ్యూలు చూసి చెప్తం" అన్నారు శోభారాణి గారు.

కారు కదిలాక శ్రీపాల్ రెడ్డి గారికి సిగ్గనిపించింది. ముసలాయన చేతిలోంచి అట్లా గుంజుకోవాల్సింది కాదు. ఆ సిగ్గు చాలా నిజమైనది. పలక అడుగున చూసేదాకా అది అలాగే ఉంది. తొమ్మిది శాతం. పాత శాతం గుర్తుంది గానీ, తాను ఏ పేజీలో ఆపారో గుర్తులేదు. బస్సు టికెట్టో, కోడి ఈకో పెట్టుకునే వీలు ఇందులో లేదాయె.

"అంత పోయింది. అరవై ఎనిమిది నుంచి తొమ్మిదికి పడ్డది. ఒక్క ముసలాయన ముంచిండు" అన్నారు తల పట్టుకుని.

ఐలేశ్ కారు ఆపాడు. మూత్రానికని దిగి ఫోన్ చేశాడు.

ఇరవై నిమిషాల్లో పార్టీ అల్లకల్లోలమైంది. అరవై ఎనిమిది నుంచి తొమ్మిది! ఒక్క ముసలాయన ముంచాడట. ఎవరా ముసలాయన? పార్టీలో ఆ వర్ణనకు సరిపోయే నాయకులు ఏడుగురు తేలారు. ఏడుగురి ఇళ్ల ముందూ ఎమ్మెల్యే మనుషులు కాపలా పెట్టారు. ఏడుగురూ అది తమకు పెరిగిన ప్రాధాన్యం అనుకుని, బేరం పెట్టడానికి అవతలి పార్టీకి ఫోన్లు చేశారు.

మర్నాడు పొద్దున హన్మంత్‌రావు శాలువా, కోవా డబ్బా పట్టుకుని శ్రీపాల్ రెడ్డి గారి వాకిట్లో నిలబడ్డారు. విజయలక్ష్మి గారు కుర్చీ వేశారు.

"అన్నా, నిజం చెప్పు. గా పలకల ఏమున్నది?"

"నవలనే. నేను చెప్తనే ఉన్న గద అందరికి."

"నవల!" ఎమ్మెల్యే బలహీనంగా నవ్వారు. "నన్ను గూడ నమ్మవానే? నువ్వు నవల చదువుడేంది?"

"అవు అన్నా, నవలనే" అన్నారు విజయలక్ష్మి గారు లోపలి నుంచి. "నేను సుత పరేషానైతాన."

ఇంటామెతో కూడా అదే చెప్పాడంటే ఎంత పెద్ద రహస్యమో అనుకున్నారు హన్మంత్‌రావు. గొంతు తగ్గించి, "సరే, నవలనే. ఏమైతాంది అందుల?" అన్నారు.

శ్రీపాల్ రెడ్డి గారి ముఖం వికసించింది. ఇన్నాళ్లకు ఆ కథ అడిగిన మొదటి మనిషి.

"జమీందారును చంపిండ్రన్నా. వెనుక నుంచి వొడిచిండ్రు."

హన్మంత్‌రావుది దొరల కుటుంబం. తాతల నాటి గడీ ఇప్పటికీ ఉంది. ఆయన కుర్చీ ముందుకు జరిపారు.

"ఎవలు?"

"గదే తెల్వదు. బయటోడైతే కాదు. అంత ఇంట్లోల్లే. నాకైతే బావమరిది మీద డౌటున్నది. ముంగట నవ్వుతడు, పెత్తనమంత కావాలె వానికి."

కోవా డబ్బా కింద పడింది. మార్కెట్ కమిటీ ఇప్పించినప్పుడు కాళ్లకు దండం పెట్టిన అజయ్ ముఖం హన్మంత్‌రావు కళ్లముందు కనబడింది. ఆ సాయంత్రమే బావమరిదిని పార్టీ పదవుల నుంచి తప్పించారు. అజయ్ మరుసటి రోజు ప్రెస్ మీట్ పెట్టి, బావ అక్రమాల మీద మూడు గంటలు మాట్లాడాడు. ఆ మూడు గంటలూ శ్రీపాల్ రెడ్డి గారు ప్రశాంతంగా తన పేజీ వెతుక్కున్నారు.

పేజీ దొరికింది. నెమ్మదిగా డెబ్భై, ఎనభై దాటారు. ఇప్పుడాయనకు మిగతాదేదీ పట్టలేదు. టికెట్ ఆశ కూడా మనసులో ఎక్కడో మూలన పడుంది. తొంభై నాలుగు శాతం దగ్గర డిటెక్టివు అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు. తలుపులు మూయించాడు. "హంతకుడు మన మధ్యే ఉన్నాడు" అన్నాడు. శ్రీపాల్ రెడ్డి గారు పేజీ తిప్పడానికి వేలు ఎత్తారు.

"అన్నా, మంత్రి సార్ రమ్మంటున్నరు. భూపాలపల్లి గెస్ట్ హౌస్‌కు. గిప్పుడే. పలక తీసుకొని" అన్నాడు ఐలేశ్.

అడవి దారిలో కారు ఎగిరెగిరి పడింది. అక్షరం నిలవలేదు. గెస్ట్ హౌస్‌లో మంత్రిగారు పలక అందుకుని అడుగున చూశారు. చూసి లేచి నిలబడ్డారు.

"తొంభై నాలుగు! నా సర్వీసుల చూడలే. తొమ్మిది నుంచి తొంభై నాలుగుకు తెచ్చినవ్! ఎట్ల తెచ్చినవ్ శ్రీపాల్?"

"ఏమున్నది సార్, కూసొని ఒక్కొక్క పేజీ చదివిన."

"క్షేత్రస్థాయి అంటే గిది!" అని మంత్రిగారు పక్కనున్నవాళ్లకు చూపించారు. రెండు పేజీలు వెనక్కి ముందుకు తిప్పారు. జమీందారు, కత్తి, బావమరిది. ఆయన కనుబొమలు పైకి లేచాయి. "పేర్లు మార్చి పెట్టినవ్. మంచి పని చేసినవ్. గిది హైదరాబాద్ పోవాలె. అధిష్ఠానం చూడాలె."

శ్రీపాల్ రెడ్డి గారు జీవితంలో మంత్రి ముందు మొదటిసారి చేయి చాపి అడ్డం పెట్టారు.

"సార్, మీ కాళ్లు మొక్కుత. ఆరు శాతం మిగిలింది. గంట సేపు ఇయ్యుండ్రి. గా వరండల కూసొని చదివి ఇచ్చేస్త."

"ఆ ఆరు శాతంలనే ఉన్నది కీలకమంత. అది నువ్వు చూడొద్దు" అన్నారు మంత్రిగారు గంభీరంగా. పలక సూట్‌కేసులోకి పోయింది. సూట్‌కేసు కారులోకి పోయింది. శ్రీపాల్ రెడ్డి గారు వరండాలో కూర్చుని, పెళ్లయ్యాక మొదటిసారి, కండువా అడ్డం పెట్టుకుని ఏడ్చారు. చూసినవాళ్లు దాన్ని పార్టీ పట్ల విధేయత అనుకున్నారు.

అప్పటినుంచి ఆయనకు అన్నం సయించలేదు. కాగితం పుస్తకమైనా దొరుకుతుందేమోనని శోభారాణి గారి ఆఫీసుకు పోయారు.

"గా నవల మన రీడింగ్ రూములల్ల ఎక్కడన్న ఉంటదా మేడం?"

"ఉండేది సార్. ఎనిమిది ప్రతులుండేవి. అన్నీ స్కానింగ్‌కు పోయాయి. తమరి సంతకంతోనే."

"స్కానింగ్ ఎక్కడ చేస్తాండ్రు?"

"మిషను ఇంకా రాలేదు సార్."

"సంచులు?"

"అవి పోయాయి సార్."

ఆయన జనగామ స్టేషన్ దగ్గర పాత పుస్తకాలమ్మేవాడిని అడిగారు. మహబూబాబాద్‌లో ఒక రిటైర్డు టీచరింటికి పోయారు. ఆమె సరోజన టీచర్. నవల చిన్నప్పుడు చదివానని, చాలా బాగుంటుందని, హంతకుడెవరో మాత్రం గుర్తులేదని, ఎవరైతేనేం ఆఖర్లో భలే మలుపని చెప్పారు. ఆ రాత్రి జమీందారు ఆయన కలలోకొచ్చి వీపు చూపించాడు.

హైదరాబాద్‌లో మాత్రం పలక మీద పని చకచకా జరిగింది. అధిష్ఠానం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. జమీందారు మొదటి పేజీలోనే చచ్చాడు కాబట్టి సిట్టింగ్ ఎమ్మెల్యే పని అయిపోయిందని కమిటీ తేల్చింది. బావమరిది మీద అనుమానం ఉంది కాబట్టి అజయ్‌కి ఇవ్వలేరు. ఇంత ఖచ్చితమైన సమాచారాన్ని ఒంటిచేత్తో సేకరించి, ఎవరెంత అడిగినా నవల అని తప్ప నోరు విప్పని క్రమశిక్షణ గల కార్యకర్త ఒక్కడే కనిపించాడు. జాబితా వచ్చింది. టికెట్ శ్రీపాల్ రెడ్డి గారిది.

ఇరవై ఏళ్లుగా కలగన్న రోజు అది. జనగామలో పటాకులు పేలాయి. డప్పులు మోగాయి. రెండు క్రేన్లు తెచ్చి ఒక గజమాలను గాల్లో వేలాడదీశారు. హన్మంత్‌రావు అవతలి పార్టీలో చేరారు. ఐలేశ్ కొత్త కండువా వేసుకుని జిందాబాద్‌లతో గొంతు పోగొట్టుకున్నాడు. విజయలక్ష్మి గారు హారతిపళ్లెంతో నిలబడి మొగుడి ముఖం చూసి, "ఏందయ్యా, గెలిచేదాక నవ్వొద్దని మొక్కుకున్నవా?" అన్నారు.

వేదిక మీద మంత్రిగారు ఆయన చేయి పట్టి పైకెత్తారు. కెమెరాలన్నీ ఒక్కసారి మెరిశాయి. శ్రీపాల్ రెడ్డి గారు ఆ చప్పుడులో మంత్రిగారి చెవి దగ్గరికి వంగారు.

"సార్, మీరు ఆఖరుదాక చదివిండ్రా?"

"కమిటీ చదివింది."

"మల్ల జమీందారును చంపింది ఎవలు సార్?"

మంత్రిగారు కెమెరాల కోసం నవ్వుతూనే, పెదవులు కదపకుండా చెప్పారు.

"గది ఇంకా ఫైనల్ కాలే."

"రాసినాయన రాసే ఉంటడు గద సార్?"

"ఆయనేదో రాసిండు. ఆయనకు మన సమీకరణాలేం తెలుసు? మునీమంటే ఒక వర్గం దూరమైతది. వంటోడంటే ఇంకో వర్గం రోడ్డెక్కుతది. రెండో భార్య అంటే మహిళా ఓటు పోతది. డాక్టరంటే దవాఖానలు బంద్ పెడ్తరు. అందరితోటి మాట్లాడుతున్నరు. అధిష్ఠానం నిర్ణయిస్తది. పేరు సీల్డ్ కవర్ల వస్తది. అప్పటిదాక మీడియా ముంగట నువ్వు ఎవల పేరు తియ్యకు."

మైకులు శ్రీపాల్ రెడ్డి గారి ముఖం ముందుకు వచ్చాయి. టికెట్ వచ్చిన సందర్భంగా మీ స్పందన ఏమిటని విలేకరులు అడిగారు. ఆయన గొంతు సవరించుకుని, అధిష్ఠానం ఎవరి పేరు చెబితే ఆయనే హంతకుడని, అందులో తనకు ఎటువంటి సందేహం లేదని చెప్పారు.